చూపు చెల్లే కుర్చీ

జిల్లా కేంద్రంలోని మతిమరుపు రోగుల ఆశ్రమంలో కొత్త పరిశీలనా పద్ధతి అమల్లోకి వచ్చిన సోమవారం నుంచి, శిక్షణ పొందిన పరిశీలకుడు చూడని రోగులు కనిపించకుండా పోవడం మొదలైంది. పాదాల దగ్గర మొదలై పైకి పోయేవారు. ముఖం చివరిది. సిబ్బంది ఖాళీ కుర్చీల ముందు కూడా మామూలుగానే పళ్లెం పెట్టి, మామూలుగానే తీసుకెళ్లేవారు. హాజరుపట్టీలో ‘ఉన్నారు, చూడలేదు’ అని కొత్త గడి చేర్చారు.

ఆశ్రమమంతా సంబరంగా ఉంది. పద్ధతి పనిచేస్తోందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని సూపరింటెండెంట్ వామన్‌రావు లడ్డూలు పంచాడు. రోగిని మనిషిగా చూడాలన్నది ఈ పద్ధతి సారం. అందుకు పరిశీలకుడు మూల కుర్చీలో కూర్చుని రోగి ఉల్లాసంగా ఉన్నాడా, దిగులుగా ఉన్నాడా అని రాస్తూ పోవాలి. పలకరించకూడదు, తాకకూడదు. తాకితే చూపు చెల్లదు.

బుధవారానికి కనకవ్వ మోకాళ్ల దాకా పోయింది. రోజూ వచ్చే ఆమె భర్త ఓదెలు ఎదురుగా కూర్చుని రెప్పవేయకుండా చూశాడు. అతను చూస్తుండగానే నడుము కూడా పోయింది.

“పెండ్లయిన కాడికెల్లి చూస్తనే ఉన్న గద సారూ. నా చూపెందుకు పనికిరాదు?”

“నీకు సర్టిఫికెట్ లేదు గదనే ఓదెలన్నా,” అన్నాడు వామన్‌రావు. ఆ గొంతులో కోపం లేదు.

పరిశీలకులు చాలడం లేదు కాబట్టి బంధువులకూ పరీక్ష పెట్టారు. గదిలో ఒక ముసలాయన ఏడుస్తుంటాడు, గమనించి రాయాలి. ఓదెలు లేచి వెళ్లి తన తువ్వాలతో ఆయన కళ్లు తుడిచాడు. ఫెయిలయ్యాడు. మళ్లీ పరీక్ష దాకా ఇంట్లో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. ఈలోగా కనకవ్వకు ముఖమొక్కటే మిగిలింది. రెండోసారి ముసలాయన మంచం మీంచి కింద పడ్డాడు. ‘పడ్డాడు, లేవలేదు, దిగులు’ అని రాశాడు ఓదెలు. అందరికన్నా ముందు పాసయ్యాడు.

కాగితం చేతిలో పడగానే హాలులోకి పరుగెత్తాడు. మూల కుర్చీలో కూర్చుని చూశాడు. మెడ వచ్చింది. భుజాలు, గాజులు, చీర కుచ్చిళ్లు, మెట్టెలతో సహా పాదాలు వచ్చాయి. ఆయాలు వంటగది వదిలి వచ్చి చప్పట్లు కొట్టారు.

చేతులు రాగానే కనకవ్వ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఒళ్లో ఆకు లేదు, తంబాకు లేదు. వేళ్లు ఆడుతున్నాయి. ఒకటి చుట్టి, కట్టడానికి దారం కోసం ఓదెలు వైపు చేయి చాచింది.

అతని చేయి దానంతటదే లేచింది. ఆమె పాదాలు మసకబారాయి. చేయి తొడ కింద పెట్టుకున్నాడు. పాదాలు మళ్లీ వచ్చాయి.

“మా ఆయనైతే అడగకముందే దారం అందిస్తుండె,” అంది కనకవ్వ అతన్నే చూస్తూ. “యాడికి పోయిండో. నువ్వేమన్న చూసినవా అయ్యా?”

పరిశీలకుడు జవాబు చెప్పకూడదు. ‘ప్రశ్న అడిగింది, కొంచెం దిగులు’ అని రాశాడు ఓదెలు.

వామన్‌రావు వెనక నుంచి వచ్చి, వెంట్రుకతో సహా నిలబెట్టావని మెచ్చుకున్నాడు. ఇంకో ముగ్గురిని అప్పగిస్తానన్నాడు. ఓదెలు సంతోషంగా తలూపాడు. కనకవ్వ చేయి ఇంకా చాచే ఉంది. ఐదు వేళ్లూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.