నరసింగరావు గారి ఆస్ట్రేలియా త్యాగం

ప్రజాసేవ కోసం ఆస్ట్రేలియా దేశాన్ని శాశ్వతంగా వదులుకుంటున్నట్టు నరసింగరావు గారు అరసవల్లి బహిరంగ సభలో ప్రకటించారు. మైకు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో కళ్ళు తుడుచుకుని మరీ ప్రకటించారు. జనం ఈలలు వేశారు. ఆయన పీఆర్ వీసా గడువు అప్పటికే తీరిపోయిందన్న సంగతి ఆ సభలో ఒక్క గిరిబాబుకే తెలుసు. అయినా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది గిరిబాబే. బావ కదా.

గిరిబాబుది గరివిడిలో ఎరువుల దుకాణం. అతని అక్క రేఖా, బావ నరసింగరావూ పెళ్ళయిన దగ్గర్నుంచీ మెల్‌బోర్న్‌లోనే ఉండేవారు. అక్క అక్కడి పౌరసత్వం తీసుకుంది. బావ తీసుకోలేదు. పరాయి దేశపు పౌరుడైపోతే ఇక్కడ ఎమ్మెల్యేకి నిలబడ్డానికి లేదు. ఆ ఒక్క ఆశతో ఆయన పీఆర్ దగ్గరే, అంటే శాశ్వత నివాసపు అనుమతి దగ్గరే ఆగిపోయి, ఒక ఎన్నికలకి ముందు సూట్‌కేసుతో దిగి, గిరిబాబు దుకాణం మేడమీద గోడౌన్లో పార్టీ ఆఫీసు తెరిచారు. యూరియా బస్తాలు కిందకి దిగి మెట్లకింద సర్దుకున్నాయి. టిక్కెట్టు ఇంకెవరికో వెళ్ళింది. "వచ్చేసారి మీదే" అంది హైకమాండ్. వచ్చేసారి కోసం బావ ఉండిపోయారు. బస్తాలూ ఉండిపోయాయి.

వచ్చేసారి రానే వచ్చింది. ఆ టిక్కెట్టు పొద్దున్న పార్టీలో చేరిన పెద్దమనిషికి మధ్యాహ్నం ఇచ్చేశారు.

ఆ సాయంత్రం బావ మేడమీంచి దిగివచ్చి, దుకాణంలో ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించారు.

"గిరీ, ఈ జనానికి నా విలువ తెలీదురా. నానెల్లిపోతాను."

"ఎక్కడికి బావా?"

"ఆస్ట్రేలియా."

"వదిలేసావు కదా?"

"వదిలీడానికీ పట్టుకోడానికీ అది నా సొంతం. నీకేటి?"

గిరిబాబు సంతోషించాడు. గోడౌన్ ఖాళీ అవుతుందన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం అక్క. కిందటి వారమే ఫోన్ చేసింది. మోకాలి ఆపరేషన్ చెయ్యాలన్నారట, పక్కన మనిషి ఎవరున్నారని ఆసుపత్రి వాళ్ళు అడిగారట. "ఏటి సెప్పావక్కా?" అంటే, "మాయాయన లీడరండి, మీటింగుల్లో ఉన్నారని సెప్పాను. ఆళ్ళకి అర్థం కాలేదు" అంది.

బావా బావమరుదులిద్దరూ విశాఖలో ప్రమోద్ అనే వీసా ఏజెంటు దగ్గరికి వెళ్ళారు. ప్రమోద్ ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

"సార్, పీఆర్ శాశ్వతమే గానీ, బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళే హక్కుకి గడువుంటుంది. మీది తీరిపోయింది. ఇప్పుడు రిటర్న్ వీసా కావాలంటే మీకూ ఆ దేశానికీ గట్టి సంబంధం చూపించాలి. దానివల్ల ఆ దేశానికి లాభముండాలి. ఇన్నాళ్ళు ఎందుకు వెళ్ళలేదో బలమైన కారణం చెప్పాలి."

మిగతా నాయకులైతే ఇక్కడ నీరుగారిపోదురు. నరసింగరావు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు.

"ఆస్ట్రేలియాకి లాభం నాను సెయ్యాలి, అంతేనా? గరివిడికే సేసీసాను. ఆస్ట్రేలియా ఎంత!"

వారం తిరక్కుండా 'గరివిడి–ఆస్ట్రేలియా మైత్రీ సంఘం' వెలిసింది. అధ్యక్షులు నరసింగరావు గారు. ఉపాధ్యక్షుడు గిరిబాబు, ఆ సంగతి అతను బ్యానర్ చూసి తెలుసుకున్నాడు. మొదటి కార్యక్రమం మైత్రీ క్రికెట్ పోటీ. ఆస్ట్రేలియా పేరు పెట్టుకోడానికి ఏ జట్టూ ఒప్పుకోలేదు. భోజనాల్లో మాంసం పెడతామని కబురు చేస్తే ఊళ్ళోని ఫెర్రో లోహాల ఫ్యాక్టరీ కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. ఓడిపోయారు. బావ వాళ్ళని ఓదారుస్తూ ఫొటో తీయించుకున్నారు. "ఆస్ట్రేలియా కష్టాల్లో ఉన్నప్పుడు నాను పక్కనున్నట్టు కనబడాలి" అన్నారు.

తరవాత జనవరి ఇరవయ్యారు వచ్చింది. మన గణతంత్ర దినమే వాళ్ళకీ జాతీయ దినమని ప్రమోద్ నోరు జారి చెప్పాడు. బావకి ఆ రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు. పొందూరు నుంచి సన్నఖద్దరు తెప్పించి, ఫోన్లో బొమ్మ చూపించి ఆస్ట్రేలియా జెండా కుట్టించారు. తెల్లారేసరికి పార్టీ ఆఫీసు ముందు రెండు కర్రలు నిలబడ్డాయి.

"రెండో జెండా ఏటండీ?" అన్నాడు పాత కార్యకర్త ఎల్లాజీ.

"అంతర్జాతీయం" అన్నారు నరసింగరావు గారు.

ఎల్లాజీ దానికీ దండం పెట్టాడు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో 'వినూత్నంగా గణతంత్ర వేడుకలు' అని పడింది.

ఫొటోలన్నీ పట్టుకుని మళ్ళీ విశాఖ వెళ్ళారు. ప్రమోద్ ఒక్కొక్కటే చూసి, జెండా దగ్గర ఆగాడు.

"సార్, ఇందులో చుక్కలు ఎర్రగా ఉన్నాయి."

"ఏం? బాగులేవా?"

"బాగున్నాయి సార్. ఇది న్యూజిలాండ్."

బావ ఆ ఫొటో తీసుకుని దూరంగా పట్టుకుని చూశారు. "పక్కదేశమే కదా" అన్నారు చివరికి.

ప్రమోద్ నుదురు రుద్దుకున్నాడు. "పోనీ సార్, అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా? దూరపు చుట్టాలైనా ఫర్వాలేదు."

బావ ఆలోచించారు. గిరిబాబు ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"చుట్టాలంటే... ఎవరూ లేరు. ఆఁ, నా భార్య ఉన్నాది."

"భార్యా? ఆ దేశం పౌరురాలా?"

"అవును. మోకాలి ఆపరేషన్ కూడా ఉన్నాది."

ప్రమోద్ లాప్‌టాప్ మూసి, మళ్ళీ తెరిచాడు. "మొదటిరోజే ఈ మాట చెప్పుంటే సరిపోయేది కదండీ!"

"నువ్వు సంబంధం అన్నావు" అన్నారు నరసింగరావు గారు నొచ్చుకుంటూ. "రాజకీయంగా అనుకున్నాను."

వీసా వచ్చింది. అయితే దేశాన్ని త్యాగం చేసిన మనిషి, అదే దేశానికి సూట్‌కేసు పట్టుకుని ఎలా వెళ్తాడు? సరిగ్గా అప్పుడే ప్రభుత్వం 'ఊరు పిలుస్తోంది' పథకం ప్రకటించింది. విదేశాల్లో స్థిరపడిన మనవాళ్ళని సొంతూళ్ళకి రప్పించడం దాని లక్ష్యం. దానికి ఆస్ట్రేలియా సమన్వయకర్త కావాలి. మొత్తం జిల్లాలో ఆ దేశాన్ని వదులుకున్న అనుభవం ఒక్క నరసింగరావు గారికే ఉంది. పదవి నడుచుకుంటూ ఆయన దగ్గరికే వచ్చింది.

"నేను ఆస్ట్రేలియా వెళ్ళడం లేదు" అన్నారాయన ప్రెస్‌మీట్‌లో. "ఆస్ట్రేలియాని తీసుకురావడానికి వెళ్తున్నాను."

ఆపరేషన్ నాటికి బావ అక్కడికి చేరారు. గిరిబాబు ఊపిరి పీల్చుకుని, మొదటి యూరియా బస్తా తనే స్వయంగా మేడమీదకి మోశాడు. మర్నాడే ఫోన్ వచ్చింది.

"ఆఫీసు కదపకు గిరీ. ఇప్పుడది పథకం ప్రధాన కార్యాలయం. నాదిక్కడ క్యాంపు కార్యాలయం."

బస్తా దిగివచ్చింది.

అక్క కూడా అప్పుడప్పుడు ఫోన్ చేసేది. "ముందుగదిలో కుర్చీలేయించాడురా. మనోళ్ళొస్తన్నారు, టీ తాగుతన్నారు. ఊరెల్లిపోండి, మన మట్టి పిలుస్తన్నాదని ఈయన సెప్తన్నాడు. బాగా సెప్పారండని ఎల్లిపోతన్నారు, ఆళ్ళ ఇళ్ళకి."

"మోకాలెలాగున్నాది?"

"కర్రతో నడుస్తన్నాను. కప్పులు కడగ్గలుగుతన్నాను."

వానాకాలం మొదట్లో బావ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పథకం ఘనవిజయం. అంతా వదులుకుని తొలి ఆస్ట్రేలియా పౌరులు ఆదివారం విశాఖలో దిగుతున్నారు. బ్యాండు, దండలు, టీవీ వాళ్ళు ఉండాలి.

గిరిబాబు అన్నీ కుదిర్చాడు. ఎల్లాజీ ఆటోకి బ్యానర్ కట్టి మరీ తీసుకొచ్చాడు. ఎయిర్‌పోర్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా బ్యాండువాళ్ళు సన్నాయిలు ఎత్తడం, ఎవరో సూటువాళ్ళు భయపడి పక్కకి తప్పుకోవడం, మళ్ళీ దించడం. చాలాసేపటికి తోపుడుబండి మీద ఒకే ఒక పెట్టె, దాని వెనకాల చేతికర్రతో, నలిగిన చీరలో రేఖ బయటికొచ్చింది.

గిరిబాబు దండతో అలాగే నిలబడిపోయాడు.

"అక్కా! నువ్వేటి? బావేడి?"

"పనుందటరా."

"మరి వస్తామన్న ఆళ్ళు?"

"నానే."

టీవీ వాళ్ళు కెమెరాలు భుజానికెత్తారు. ఎల్లాజీ "ఊరు పిలుస్తోంది!" అని అరిచి, జవాబు చెప్పడానికి ఎవరూ లేక తనే "వస్తున్నాం!" అన్నాడు.

"ఈ కాలేసుకుని ఎందుకొచ్చావక్కా?" అన్నాడు గిరిబాబు.

రేఖ కర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, దండకి తల వంచింది.

"ఎవరో ఒకరు రాకపోతే పథకం ఎత్తీస్తారంటరా. ఎత్తీస్తే పదవి పోయి మీ బావ ఎనక్కొచ్చీయాలంట."

గిరిబాబు ఆమె మెడలో దండ వేశాడు. కాసేపు దాన్నే సవరిస్తూ నిలబడ్డాడు. తరవాత బ్యాండువాళ్ళ వైపు తిరిగి, "వాయించండి" అన్నాడు.