సున్నా కోసం సాధన

ఒక పెద్ద అడవిలో సంగీత కళాశాల ఉండేది. అక్కడ పై తరగతివారు తెల్లవారగానే కింది తరగతివారిని వాగు ఒడ్డున కూర్చోబెట్టుకుని సాధన చేయించేవారు. ఇప్పుడు ఆ అలవాటు లేదు.

శారిక అనే మైనా చివరి సంవత్సరం విద్యార్థిని. ఆమె దగ్గరకు గండయ్య అనే కప్ప వచ్చేవాడు. గొంతు గంభీరమైనదే గానీ తాళం దగ్గర తడబడేవాడు.

"తమ్ముడూ, నిన్నెవరైనా తరుముతున్నారా? నిదానంగా పాడు," అనేది శారిక.

ఏడాది తిరిగేసరికి వాడు నూటికి యాభై మార్కుల స్థాయికి వచ్చాడు. వాగులోని కప్పల్లో కళాశాల గడప తొక్కినవాడు వాడొక్కడే. వాడి చేతికి పట్టా రావాలన్నదే శారిక కోరిక.

ఒకనాడు ప్రిన్సిపాల్ ఏనుగుగారు ఆ సాధన చూశారు. "ఇంత మంచి పని ఉత్తర్వు లేకుండా ఎలా జరుగుతోంది?" అని కలవరపడ్డారు.

రిజిస్ట్రారు ముళ్లపంది తన వీపు మీది ముల్లొకటి పెరికి, సిరాలో ముంచి, 'సహవిద్యార్థి మార్గదర్శక పథకం' రాసింది. నెల తిరిగాక ఒక పరీక్ష, ఆపైన ఆరు నెలలకు మరొకటి. రెంటి మధ్య అరవై మార్కుల అభివృద్ధి కనబడకపోతే నేర్చుకున్నవారికీ పట్టా లేదు, నేర్పినవారికీ లేదు.

శారిక లెక్క వేసింది. యాభై మీద అరవై అంటే నూటపది.

"తమ్ముడూ, ముందు నువ్వు చెడిపోవాలి."

"అదెంత పనక్కా," అన్నాడు గండయ్య.

చాలా పనే అయింది. కుదిరిన తాళాన్ని తప్పించడానికి నెల రోజుల కఠోర సాధన పట్టింది. "మళ్లీ సరిగ్గా పాడావు. కాస్త మనసు పెట్టు," అని శారిక మందలించేది. వాగు పొడవునా ఇదే వరస. అపశ్రుతి పలకలేక కోయిల పిల్ల ఏడిస్తే, దానికి నేర్పే చిలక, "ఆ ఏడుపే పట్టుకో, బాగుంది," అంది.

పరీక్షలో నలభై మందికి ముప్పైతొమ్మిది మంది ఒకరిని మించి ఒకరు ఘోరంగా పాడి సున్నాలు సాధించారు. నేర్పినవారు, నేర్చుకున్నవారు కలిసి చిందులు వేశారు. ఎవరి మాటా చెవికెక్కని గాడిద మాత్రం తనకు వచ్చినట్టే పాడి ముప్పైఆరు తెచ్చుకుంది.

మర్నాడు ముళ్లపంది పాత నిబంధన ఒకటి చదివింది. ఏ పరీక్షలోనైనా ముప్పైఐదు రానివారి పేరు కొట్టివేయాలి.

"మీ పథకం కోసమే కదండీ వాడు తప్పు పాడింది," అంది శారిక.

"పథకం ఒక ఫైలమ్మా, నిబంధన వేరే ఫైలు."

సాయంత్రానికి గాడిద ఒక్కటే మిగిలింది. నలభై మంది మార్గదర్శులనూ దానికే కేటాయించారు. 'ఒక్కో విద్యార్థికి నలభై మంది మార్గదర్శులు' అని నివేదిక పంపి ఏనుగుగారు సన్మానం అందుకున్నారు.

గండయ్య మూట కట్టుకున్నాడు. శారిక గేటు దాకా వెళ్లింది. వాన వెలిసి ఉసిళ్లు లేచాయి.

"తిని వెళ్లరా."

"నువ్వూ తినక్కా. పైకి ఎగిరేవి నీవి, కింద పాకేవి నావి."

ఇద్దరూ గేటు దిమ్మ దగ్గర చేరి కడుపు నిండా ఉసిళ్లు తిన్నారు.

నీతి: తోటివారికి సాయం చేయదలిస్తే, అది పథకం కాకముందే చేసేయాలి.