నాచు లేదని ధ్రువీకరణ

ప్రజల విన్నపాలు పదకొండు నెలలుగా బల్ల మీంచి కదలని ఒక కార్యాలయంలో, సిబ్బంది మనశ్శాంతి నిమిత్తం ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేయడమైనది. అందులో రెండు నారింజరంగు చేపలు, మూడు పగడాలు, తొట్టి నుదుట పెద్దసారు పేరుతో ఇత్తడి ఫలకం. సిబ్బంది మనశ్శాంతికి అంతకుముందు కూడా లోటేమీ లేదు గానీ, మంచి పనులు చేసేవాళ్లు అవసరం చూసి చేయరు కదా!

తొట్టి బాధ్యత రికార్డు గదిలో పనిచేసే ఆవిడకు అప్పగించారు. తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి కావడం వల్ల అందరూ ఆమెను ఆప్యాయంగా టెంపరరీ అక్క అంటారు. "ఆర్నెల్లు తొట్టిని శుభ్రంగా ఉంచమ్మా. జల పర్యవేక్షకురాలిగా పర్మనెంట్ చేయించే పూచీ నాది" అన్నారు పెద్దసారు. ఆ మాటకు అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజునుంచి ఆ తొట్టిని కంటికి రెప్పలా చూసుకుంది.

తొట్టి సరిగ్గా పెద్దసారు గది అద్దాల తలుపుకు ఎదురుగా ఉంది. మూడో రోజుకల్లా సిబ్బందిలో జీవకారుణ్యం పొంగిపొర్లింది. సారు తలెత్తే సమయానికి ఎవరో ఒకరు అక్కడ నిలబడి, "అయ్యో పాపం, ఏమీ తిన్నట్టు లేవు!" అంటూ మేత వేసేవారు. సెలవు కావలసినవాడు చిటికెడు, బదిలీ కావలసినవాడు గుప్పెడు. ఉద్యోగులు నలభై రెండు మంది, చేపలు రెండు. చేపలు తమ శక్తికొద్దీ సహకరించాయి, మిగిలింది అడుగున కుళ్లింది. పైగా ఫలకం మీది పేరు మసకగా కనిపిస్తోందని రోజుకు పద్నాలుగు గంటలు దీపాలు వెలిగించారు.

నెల తిరిగేసరికి రాళ్ల మీద గోధుమరంగు పొర, తర్వాత పచ్చని నూగు, ఆ తర్వాత జుట్టులా వేలాడే నాచు. అక్క వారంవారం నీళ్లు మార్చింది. పాత పళ్లబ్రష్షుతో రాళ్లు తోమింది. "దయచేసి మేత వేయరాదు" అని కాగితం అంటించింది. అందరూ చదువుకున్నవాళ్లు కనుక, దాన్ని చదివి మరీ వేశారు.

చేపల దుకాణం ఆయన్ని అడిగితే నవ్వాడు. "రెండు చేపలకి రోజుకో చిటికెడు చాలమ్మా. మిగిలిందంతా నాచుకి ఎరువే. మేత ఆపించండి, దీపాలు సగానికి తగ్గించండి, నీళ్లు మారుస్తూ రెండు నెలలు ఓపిక పట్టండి" అన్నాడు.

ఇంత తేలికైన పరిష్కారాన్ని ఏ కార్యాలయమూ సహించదు. అందుచేత ఐదుగురితో నాచు నివారణ సంఘం వేశారు. సంఘం నాలుగుసార్లు సమావేశమై, నాలుగుసార్లూ చేపలకు మేత వేసి, నీటిని పరీక్షించాలని తీర్మానించింది. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి, మందు చుక్కలు కలిపి, వచ్చిన రంగును అట్ట మీది రంగులతో పోల్చారు. నాచుకు ఎరువయ్యే నైట్రేటు సున్నా. ఫాస్ఫేటు సున్నా. సంఘం ఒకరి భుజం ఒకరు తట్టుకుంది.

అక్క పెద్దసారు గదికి పరుగెత్తింది. "సార్, అది మంచి సున్నా కాదండీ. ఉన్నదంతా నాచే తినేస్తోంది, ఇక నీళ్లలో ఏం మిగుల్తుంది? పగడాలు రెండు తెల్లబడి చచ్చిపోతున్నాయి, ఒక్కసారి వచ్చి చూడండి సార్."

"అట్ట ఏమంటోందమ్మా?" అన్నారు పెద్దసారు.

"సున్నా అనే సార్."

"మరి అట్టకంటే నీకెక్కువ తెలుసా?"

నివేదిక ఆమె ముందుకు జరిగింది. "తొట్టిలో నాచు లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంట్.

ఇంటికి వెళ్లి నీళ్లు నములుతూ సంగతి చెప్పింది. అత్తగారు విసుక్కున్నారు. "తొమ్మిదేళ్లు ఆగినదానివి, ఒక్క సంతకం దగ్గర ఆగిపోతావేంటమ్మా? నాచుకేమన్నా చదవడం వచ్చా?"

మర్నాడు పెట్టింది. సిగ్గేసింది, అయినా పెట్టింది. కింద సాక్షులుగా నలభై రెండు మందీ సంతకాలు చేశారు. బల్ల ఖాళీ లేక, చేపలు కనిపించనంత పచ్చబడిన తొట్టి అద్దానికే కాగితం ఆనించి చేశారు.

వారం తిరక్కుండా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తొట్టిలో నాచు లేనందున జల పర్యవేక్షకురాలు అవసరం లేదు. ఆర్నెల్లుగా ఆమె లేకుండానే రికార్డు గది నడిచినందున అక్కడా అవసరం లేదు. ఇంతకాలం చేసిన సేవలకు ధన్యవాదాలు.

వీడ్కోలు సభ తొట్టి ముందే జరిగింది. "ఈమె కృషివల్లే నాచు లేదు. నాచు లేదు గనకే ఈమెను వదులుకోగలుగుతున్నాం. ఇటువంటి త్యాగం అరుదు!" అన్నారు పెద్దసారు గద్గద స్వరంతో. చప్పట్లు మోగాయి.

అక్కకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "నాచు ఉంది సార్! అదిగో, మీ వెనకే! కళ్లుండీ చూడరేం?" అని అరిచింది.

నలభై రెండు తలలూ ఒక్కసారిగా తిరిగి, గోడకు పటం కట్టించిన నివేదికను చూశాయి. మొట్టమొదటి సంతకం ఆమెదే. మిగతా నలభై రెండూ దగ్గరికి వెళ్లి చదవవద్దని పాఠకులకు మనవి. తెలిసిన చేతిరాత తగిలితే మనశ్శాంతి పాడవుతుంది.