పళ్ళ డాక్టరుగారి పిండిపదార్థాలు

శుక్రవారం పొద్దున పళ్ళ డాక్టరు ఇంకో నాలుగు బంగాళాదుంపలు ఉడకబెట్టమని భార్యతో చెప్పాడు. ఆదివారం ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. రెండు రోజుల ముందునుంచీ పిండిపదార్థాలు దట్టించి కండరాల్లో నిల్వ చేసుకోవాలనీ, పరుగులో మధ్యమధ్య తీపి నీళ్ళు కొద్దికొద్దిగా తాగాలనీ ఎక్కడో చదివాడు. పోయినేడు నడుం పట్టేసి సగంలో ఆటో ఎక్కి వచ్చినందుకు భార్య వారం రోజులు నవ్వింది. అందుకే ఈసారి పరుగు ఊసే ఎత్తలేదు.

పొట్టకు ఆ తీపి అలవాటు చేద్దామని, క్లినిక్‌లో రోగికి స్వీట్లు మానమని చెప్పి, తెర చాటుకు వెళ్ళి పంచదార నీళ్ళు గుటకలు వేస్తుండగా నర్సు కంట పడ్డాడు. రెండో చేతిలో బ్రెడ్డు కూడా ఉంది. ఆమె ఉండబట్టలేక ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, డాక్టరుగారికి ఇంట్లో కడుపు నిండుతున్నట్టు లేదండీ" అంది.

భార్యకు పుండు మీద కారం చల్లినట్టయింది. పూటకు ముగ్గురి తిండి తింటున్న మనిషి బయట కూడా తింటున్నాడంటే ఏదో దాస్తున్నాడన్నమాట. శనివారం మంచం కింద బూట్లూ, ఒక జత బట్టలూ సర్దిన సంచీ కనబడింది. ఇల్లు వదిలి పోతున్నాడని ఖాయం చేసుకుని తమ్ముడికి కబురు పెట్టింది. పార్సిళ్ళు మోస్తూ రోజంతా మెట్లెక్కి దిగే ఆ తమ్ముడు అక్క గీసిన గీత దాటడు.

ఆదివారం తెల్లవారుతూనే అతను బావ వెంటపడ్డాడు. తీరా చూస్తే వీధి నిండా జనం, అంతా ఒక్కసారిగా పరుగు లంకించుకున్నారు. అతనూ వాళ్ళలోకి దూకి బావను అందుకున్నాడు.

"బావా, ఆగు. అక్క ఏడుస్తోంది. ఏదున్నా ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇప్పుడు ఆపకురా. రెండు రోజులుగా దీనికోసమే తింటున్నా."

అని డాక్టరు వేగం పెంచాడు. ఆ కంగారులో సీసాడు పంచదార నీళ్ళూ ఒక్క గుక్కలో తాగేశాడు. సగం దూరంలో పొట్ట ఎదురు తిరిగింది. పెట్రోలు బంకు మరుగుదొడ్డిలో దూరి గడియ పెట్టుకున్నాడు. బావమరిది అది చూడలేదు. బావ ముందెక్కడో ఉన్నాడనుకుని పరిగెడుతూనే ఉన్నాడు. దారిలో బల్లల దగ్గర ఎవరెవరో అరటిపండు ముక్కలూ, తీపి నీళ్ళూ చేతిలో పెడుతుంటే, కాదంటే బాగుండదని పుచ్చుకున్నాడు.

చివర్లో నిలబడ్డవాళ్ళు చొక్కా మీద పరుగు నంబరు లేదని కూడా చూడకుండా అతని మెడలో పతకం వేసేశారు. ఫోన్ చేస్తే పరుగున వచ్చిన అక్కతో, "బావ దొరకలేదక్కా" అన్నాడు దిగులుగా. కాసేపటికి, పరుగు మానేసినవాళ్ళను ఏరుకొచ్చే వ్యానులోంచి డాక్టరు దిగాడు. సంగతంతా విన్న భార్య కళ్ళు తుడుచుకుంది. అవి ఏడిస్తే వచ్చిన నీళ్ళో, నవ్వితే వచ్చినవో అడిగే ధైర్యం డాక్టరుకు లేకపోయింది.

వారం తిరక్కుండా బావమరిదికి పన్ను సలుపు పుట్టింది. పీకించుకోవడానికి మాత్రం అతను వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.