ఆశన్నకు జామీను

తెల్లారి కామారెడ్డి పోయి ఉత్తరం చదివించుకొని, పావుసేరు బెల్లం కొనుక్కొని, పొద్దు గూకక ముందే తాడ్వాయి చేరాలన్నది ఆశన్న ఆలోచన. ఊళ్లో పట్వారికీ చదువు వచ్చు. కాని పట్వారి చదివితే ఆయన భార్య వింటుంది. ఆమె విన్నాక ఊరికి డప్పు చాటింపు అక్కర్లేదు. చూరు మీద పిచ్చుక వాలినా దాన్ని ఎవరు పంపారా అని ఆలోచించే మనిషి ఆశన్న.

ఎల్లారెడ్డిలో ఒక సర్కారు కచేరిలో ముప్పై ఏళ్లు జవానుగా పనిచేసి దిగాక, ఆయనకు నెలకు ఐదు రూపాయల వజీఫా, అంటే పింఛను, వస్తున్నది. గుమాస్తా కలం జారి ఇరవై రెండు నెలల పాటు ఆరు ఇచ్చారు. పై రూపాయి సర్కారు దయ అనుకొని ఆశన్న తినేశాడు. ఇప్పుడు అదంతా కక్కమని రెండు నెలలుగా రెండేసి రూపాయలు కోస్తున్నారు. మిగిలిన మూడింటితో ఇరవయ్యో తారీఖుకే ఆలుమగలు గంజినీళ్లకు దిగుతున్నారు. కిస్తు తగ్గించమని అర్జీ పెట్టుకుంటే ఉర్దూలో ఈ జవాబు వచ్చింది.

కామారెడ్డి బీడీ కార్ఖానా మున్షీ యాకూబు, కట్టలు లెక్కపెడుతూనే కాగితం చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"గిర్దావరు వస్తడంట. నీకు జామీను ఉన్నదా లేదా చూస్తడంట."

ఆశన్న చెవికి అది 'జమీను' అని వినపడింది. గిర్దావరు అంటే భూముల లెక్క చూసే సర్కారు మనిషే కదా. భూమి ఉన్నదని తేలితే అమ్మి కట్టమంటారు! ఉన్నదే పది గుంటలు. అదీ పక్కచేను సిద్ధిరాములు దగ్గర నోటిమాట మీద కొన్నది. భూమి లెక్కల పహాణీలో ఇంకా అతని పేరే ఉన్నది. బెల్లం సంగతి మరిచి ఆశన్న ఊరిదారి పట్టాడు.

"గిర్దావరు అడిగితే ఆ పది గుంటలు నీయే అని చెప్పు తమ్మీ," అని సిద్ధిరాములును బతిమాలాడు. సిద్ధిరాములు వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా సరేననడం ఆశన్నకు నచ్చలేదు గాని, వేరే దారి లేదు.

ఇంటికొచ్చాక మరో అనుమానం. భూమి లేనివాడికి పాడిబర్రె ఎక్కడిదంటే? బర్రెను తీసుకుపోయి సిద్ధిరాములు కొట్టంలో కట్టాడు. బర్రె లేని ఇంట్లో పాలతపేలా ఎందుకంటే? అదీ అటే పోయింది. చివరికి మంచం కూడా మోస్తుంటే ఆయన భార్య చంద్రవ్వ గడపకు అడ్డం నిలబడింది.

"ఇగ నన్ను సుత ఆడనే కట్టేసి రా."

మూడోనాడు గిర్దావరు వచ్చాడు. ముసలాయన, మెత్తగా మాట్లాడాడు. మెత్తగా మాట్లాడే సర్కారు మనిషిని ఆశన్న ముప్పై ఏళ్లలో చూడలేదు కనుక, అనుమానం రెట్టింపయింది.

"నీకు జామీను ఉన్నదా ఆశన్నా?"

"గుంటెడు సుత లేదు సాబు."

గిర్దావరు ఒక క్షణం చెవి గోక్కున్నాడు. ఇల్లు చూశాడు, బోసిగా ఉంది. సిద్ధిరాములును అడిగితే, భూమి, బర్రె, తపేలా, మంచం అన్నీ తనవేనన్నాడు. ఆశన్న పంచనామా మీద బొటనవేలు గట్టిగా నొక్కాడు.

గిర్దావరు కాగితం మడుస్తూ నిట్టూర్చాడు.

"పాపం, నీకు పూచీ పడెటోడు ఒక్కడున్నా కిస్తు ఎనిమిదణాలు చేద్దుననుకున్న. జామీను లేనోనికి బాకీ తీరేదాంక వజీఫా మొత్తం ఆపుమని హుకుం."

అప్పుడు తెలిసింది ఆశన్నకు, అడిగింది భూమిని కాదు, పూచీని అని. ఒక్క దీర్ఘం తేడా! కాళ్ల కింద భూమి కదిలింది. అదీ ఇప్పుడు సిద్ధిరాములుదే. భూమి నాదే, బర్రె నాదే అని లబోదిబోమన్నాడు. గిర్దావరు వేలిముద్ర చూపించి, అబద్ధం రాయించావంటే అది వేరే కేసవుతుందని మెత్తగానే చెప్పాడు.

సిద్ధిరాములు గొంతు సవరించుకున్నాడు.

"అన్నకు నేనుంట సాబు జామీను. నాకు పది గుంటల భూమున్నది, పాడిబర్రె ఉన్నది."

కిస్తు ఎనిమిదణాలయింది. ఆశన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కృతజ్ఞతవో కడుపుమంటవో ఆయనకే తెలియలేదు. బర్రెను విప్పుకుపోదామని వెళితే, పూచీ పెట్టిన ఆస్తిని బాకీ తీరేదాకా కదిలించకూడదన్నాడు సిద్ధిరాములు. బాకీ తీరడానికి మూడేళ్లు. ఈలోగా రోజూ ఒక చెంబుడు మజ్జిగ మాత్రం పంపుతున్నాడు.

వజీఫా రోజున ఎల్లారెడ్డికి ఇద్దరూ కలిసే నడుస్తారు. ఆశన్నను ఒంటరిగా పంపడానికి సిద్ధిరాములుకు నమ్మకం చాలదు.