తవిటయ్యను కాల్చకూడదు

చెదలు పట్టకుండా కర్ర స్తంభాలకు రసాయనపు మందు ఎక్కించే డిపోలో పనిచేసి రిటైరైన తవిటయ్య, ఒకరోజు పొద్దున లేచేసరికి కర్రగా మారిపోయాడు. ఆ పట్టణంలో ఇది కొత్తేమీ కాదు. పక్కింటివాళ్లు మున్సిపాలిటీకి ఫోన్ చేసి, తమ పనుల్లో తాము పడ్డారు.

మామూలు కర్రగా మారినవాళ్లతో పేచీ ఉండదు. అయినవాళ్లుంటే గుమ్మాలో బల్లలో చేయించుకుంటారు, లేకపోతే శ్మశానానికి పంపుతారు. తవిటయ్యకు ఎవరూ లేరు. భార్య పారమ్మను కాల్చిన రోజు చితి ఆరేదాకా కూర్చుని, "నానూ ఇక్కడికే వస్తానే" అని మాటిచ్చాడు. అంతకుమించి కోరిక లేని మనిషి. అందుకే కర్రయినందుకు అతను దిగులుపడలేదు, పని సులువైందనుకున్నాడు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ భానోజీరావు గ్లౌజులు, మాస్కు తొడుక్కుని వచ్చాడు. తవిటయ్య భుజం దగ్గర చిన్న పేడు గీకి, లోపలి ఆకుపచ్చ రంగు చూసి తలాడించాడు.

"మందు ఎక్కిన కర్ర. కాల్చకూడదు."

"అదేటి బాబూ! మా ఆడమనిసికి మాటిచ్చాను."

"పొగా విషమే, బూడిదా విషమే. జనం ఆరోగ్యం చూడాలి కదా."

తవిటయ్య డిపోలో ఉన్నన్నాళ్లూ ఆ మందులో వట్టి చేతులతోనే దుంగలు దొర్లించాడు. దగ్గు పట్టుకుని వైద్యానికి అర్జీ పెట్టుకుంటే, ఒంట్లో మందు ఆనవాలే లేదని డిపో డాక్టరు తేల్చేశాడు.

"అప్పుడు లేదన్నారు గదా బాబూ?"

"అప్పుడు నువ్వు మనిషివి," అన్నాడు భానోజీరావు ఓపిగ్గా. "ఈ రూల్సు కర్రకి."



భానోజీరావు చెడ్డవాడు కాదు. చెత్త గోతిలో పూడ్పించే ముందు, తిరిగి వాడుకునే దారేమైనా ఉందేమో చూడాలని నిబంధన. దాన్ని అతను శ్రద్ధగా పాటించాడు. తవిటయ్య ఉయ్యాలకు పనికిరాడు, వంటింటి అలమరకు పనికిరాడు, పశువుల తొట్టికి పనికిరాడు. నూతి దగ్గరకైతే రానే కూడదు. మనుషులు చెయ్యి వెయ్యని చోటేదైనా కావాలి. వెతగ్గా వెతగ్గా శ్మశానం కంచెలో ఒక రాట ఖాళీ దొరికింది.

తవిటయ్య ఇప్పుడు అక్కడే నిలబడి ఉన్నాడు. పారమ్మను కాల్చిన చోటు కళ్లెదుటే. చితి వెలిగినప్పుడల్లా సెగ తగులుతుంది, అతను మాత్రం అంటుకోడు. శవంతో వచ్చినవాళ్లు గేటు పక్క గోడకు ఆనుకుని ఏడుస్తారు గానీ అతని దగ్గరికి రారు. భుజం మీద ఎవరైనా ఒక్కసారి చెయ్యి వేస్తే బాగుండునని అతనికి రోజూ అనిపిస్తుంది. చెదలు కూడా పలకరించవు.

ఒక సాయంత్రం, డిపోలో పనిచేసే జగ్గునాయుడు షిఫ్టుకు పోతూ సైకిలాపాడు. అతని మోచేతుల దాకా ఆకుపచ్చ మరకలు. కాసేపు దగ్గి, కంచె పొడవునా చూశాడు.

"మావా, ఇక్కడ ఎండ బాగా కాస్తాదేటి?"

"మజ్జానం దాకానే. తరవాత నీడొస్తాది. నా పక్కన ఇంకో రాటకి గొయ్యి తవ్వే ఉంది. నీకోసం ఉంచమన్నాను."

జగ్గునాయుడు గోతిలోకి తొంగిచూసి, లోతు సరిపోతుందని తృప్తిపడి, ఆలస్యమవుతోందని సైకిలెక్కి డిపో వైపు వెళ్లిపోయాడు.