సంతకం పెట్టిన ఆదివారం

శ్యాంసుందర్‌కు ఆ ఆదివారం ఒకే ఒక్క పని ఉంది. పడుకోవడం. పాత ఫైళ్లు సర్దాలంటూ ఆఫీసు అతని ఆదివారాలను ఆరు వారాలుగా మింగేస్తోంది. ఈ వారం కూడా రమ్మని ఆఫీసరు మహిపాల్ శుక్రవారమే చెప్పాడు. ఇరవై ఏడేళ్ల గుమాస్తా జీవితంలో మొదటిసారి శ్యాంసుందర్ గుండె చిక్కబట్టుకుని, నడుం పట్టేసిందనీ, డాక్టరు మంచం దిగొద్దన్నాడనీ అబద్ధమాడాడు.

తీరా ఆదివారం వచ్చాక, ముసుగు తన్ని పడుకున్న మనిషిని ఆరున్నరకే సుల్తాన్ మొరిగి లేపింది. సుల్తాన్ వాళ్ల కుక్క.

"పొద్దంత ఇంట్ల కట్టేస్తే అది మొరగకుంట ఎట్లుంటదయ్యా?" అంది భార్య పద్మలత. "సుబేదారిల కుక్కల పార్కు వెట్టిన్రట. కాలనీవాళ్లే నడుపుతాన్రు. జర ఒక్క గంట ఉరికించుకొని రా. అది అలిసి పడుకుంటది, నువ్వు సుత పడుకో."

"ఎవరన్న చూస్తే?"

"కుక్కల పార్కుకు మీ ఆఫీసోళ్లెందుకు వస్తరు?"

ఆ మాట సబబుగానే తోచింది. శ్యాంసుందర్ మఫ్లరు చుట్టుకుని, ఆవులిస్తూ, సుల్తాన్ ఎటు లాగితే అటు నడిచాడు.

పార్కంటే ఇనుప జాలీ కట్టిన ఖాళీ జాగా. పెద్ద కుక్కలకు ఒక వైపు, చిన్న కుక్కలకు ఒక వైపు, మధ్యలో తలుపు. గేటు దగ్గర స్టూలు, స్టూలు మీద రిజిస్టరు, రిజిస్టరుకు పురికొసతో కట్టిన పెన్ను. కొంప మునిగింది అక్కడే. రిజిస్టరు కనబడితే చాలు, అతని చెయ్యి అతన్ని అడగకుండానే కదులుతుంది. మరదలి పెళ్లిలో చదివింపుల పుస్తకంలో కూడా వచ్చిన టైము వేసి సంతకం చేసిన మనిషి. ఇక్కడా పేరు రాశాడు, టైము వేశాడు, సంతకం పెట్టి కింద రెండు గీతలు గీశాడు. పైన ఏం రాసి ఉందో చూడలేదు.

చూసే లోపే వినోద టీచర్ పరుగెత్తుకొచ్చింది. పార్కు పెట్టించింది ఆమే.

"మీకు పుణ్యముంటది సార్! రెండు నెలల సంది ఎదురుచూస్తానం," అంటూ అతని ఒంటికి ఆకుపచ్చ కోటు తొడిగింది, మెడలో విజిల్ వేసింది, చేతిలో చీపురు పెట్టింది.

"ఇదేందమ్మా?"

"డ్యూటీ సార్. సంతకం పెట్టిన్రు కద."

అప్పుడు చూశాడు. 'స్వచ్ఛందంగా సేవ చేయువారి పేర్లు' అని పైన ఇంత లావున రాసి ఉంది.

"నేను ఉత్తగ కుక్కను తోలుకొచ్చినమ్మా..."

"అందరం గట్లనే వచ్చినం సార్," అంది ఆమె ప్రేమగా.

పేరు కొట్టేద్దామని పెన్ను తీశాడు. చెయ్యి రాలేదు. రిజిస్టరులో రాసింది కొట్టివేయరాదని పోయిన నెలే అటెండరు ఎల్లస్వామికి అరగంట క్లాసు పీకింది తనే. ఏడవలేక చీపురు పట్టుకున్నాడు.

కోటు చూసినవాళ్లు ఊరుకుంటారా? "అన్నా, జర పట్టుకో, పాలపాకెట్ తెచ్చుకుంట," అని ఇమాం పాషా తన కుక్క తాడు చేతిలో పెట్టి వెళ్లాడు. అది చూసి చిలుకమ్మ రెండు కుక్కల్ని అప్పజెప్పి కూరగాయలకు పోయింది. మూడు కుక్కలూ మూడు చుట్లు తిరిగేసరికి తాళ్లన్నీ శ్యాంసుందర్ కాళ్లకు బిగుసుకున్నాయి. ఎవరినైనా పిలుద్దామని విజిల్ ఊదాడు.

విజిల్ ఊదితే నడుమ తలుపు తియ్యాలని ఆ పార్కులో రూలు. ముందు పెద్ద కుక్కల్ని పట్టుకుని ఊదాలన్న సంగతి అతనికెవరూ చెప్పలేదు. తలుపు తెరుచుకుంది. చిన్నవన్నీ ఇటు, పెద్దవన్నీ అటు. "ఎవడయ్యా విజిల్ గొట్టింది?" అని నాలుగు దిక్కుల నుంచీ కేకలు. కాళ్లకు చుట్టుకున్న మూడు కుక్కలూ ఒకేసారి ఉరికాయి. శ్యాంసుందర్ వెల్లకిలా పడ్డాడు. నడుం కటుక్కుమంది. ఈ రభసలో సుల్తాన్ మాత్రం సిమెంటు బెంచీ కింద హాయిగా గుర్రు పెడుతోంది. దాన్ని చూస్తే అతనికి కోపం రాలేదు, ఈర్ష్య కలిగింది.

"ఇన్‌చార్జి సారొచ్చిండు!" అన్నారెవరో. శ్యాంసుందర్ పడుకునే తల తిప్పాడు. ఆకుపచ్చ కోటు, చేతిలో తాళాల గుత్తి, పైన మహిపాల్ ముఖం.

ఉద్యోగం సంగతి తర్వాత, ముందు భూమి చీలితే బాగుండుననిపించింది.

"నడుం నొప్పి ఎట్లున్నదయ్యా?" అన్నాడు మహిపాల్.

"ఇప్పుడే మొదలైంది సార్."

మహిపాల్ వెళ్లి రిజిస్టరు చూశాడు. అక్కడే నిలబడిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఇది నీ సంతకమేనా?"

"చూడకుంట పెట్టిన సార్."

"నేను సుత గట్లనే పెట్టిన, రెండు నెలల కింద," అన్నాడు మహిపాల్ పక్కన కూలబడుతూ. "కింద ఇంకో పేరు పడేదాంక ఆదివారం డ్యూటీ మనదే, గది ఈడ రూలు. ఆఫీసు పనున్నదని తప్పించుకుందామనుకున్న. టీచరు నమ్మాల్నంటే ఆఫీసు తెరిచి ఉండాలె కద? అందుకే మిమ్మల్ని పిలిచిన."

"మరి?"

"'మీ స్టాఫున్నరు కద, వాళ్లు చూసుకుంటరు, మీరు రాండ్రి' అన్నదామె. అబద్ధం బయట పడకుంట ఆఫీసు తెరిచే ఉంచిన."

ఆరు ఆదివారాలు ఎందుకు పోయాయో శ్యాంసుందర్‌కు అప్పటికి అర్థమైంది. తిట్టేంత ఓపిక కూడా లేకపోయింది.

మహిపాల్ కోటు విప్పి మడత పెట్టాడు. తాళాల గుత్తి అతని గుండెల మీద ఉంచాడు. రిజిస్టరు తెప్పించి 'బాధ్యతలు అప్పగించడమైనది, ఉ. 8.40' అని రాసి కిందికి జరిపాడు. శ్యాంసుందర్ పడుకునే సంతకం పెట్టాడు. చెయ్యి ఆగలేదు.

"ఇగ ఆదివారాలు ఆఫీసు బంద్. మనోళ్లందరికి ఫోన్ చేసి చెప్త. ఏం ఫికర్ జెయ్యకు, నడుం జర చూసుకో," అని మహిపాల్ ఇంటికి, పడుకోవడానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం శ్యాంసుందర్ నడుముకు పట్టీ వేయించుకుని మంచమెక్కాడు. పొద్దుటి నుంచి కడుపునిండా నిద్రపోయిన సుల్తాన్ చీకటి పడేదాకా మొరిగింది.

మరుసటి ఆదివారం అతను పార్కుకు అరగంట ముందే వెళ్లాడు. స్టూలును సరిగ్గా దారికడ్డంగా జరిపి, రిజిస్టరు తెరిచి, పైనున్న అక్షరాలు కనబడకుండా విజిల్, చేతిరుమాలు పెట్టి, పెన్ను మూత తీసి ఉంచాడు.